ఆటో స్లాక్ ట్రైలర్: గ్రీజు పెట్టాక బ్రేకు పట్టు ఎందుకు పోయింది, లైనర్లు కడిగి వాడొచ్చా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మూడు హౌసింగుల (ఇరుసుల) నలభై అడుగుల ట్రైలర్. విశాఖ నుంచి రాయపూర్‌కి స్టీలు కాయిల్స్, తిరుగు లోడు బియ్యం. దారిలో ఒక షెడ్డులో బ్రేకులకి గ్రీజు పెట్టించారు. కొన్ని రోజులకే మధ్య హౌసింగు ఎడమ చక్రం పట్టడం మానేసింది. విప్పి చూస్తే డ్రమ్ము నిండా గ్రీజు. ఇంకో మెకానిక్ ఆ లైనర్లని (డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పలకలని) పెట్రోలుతో కడిగి, బ్లో ల్యాంపుతో కాల్చి మళ్లీ ఎక్కించాడు. పనిలో పనిగా ఆరు ఆటోమేటిక్ స్లాకులనీ (లైనర్ అరిగినకొద్దీ బ్రేకుని సర్దే చేతులని) స్పానర్‌తో బిగించేశాడు. ఇప్పుడు బిగించిన కొన్నాళ్లు బ్రేకు బాగుంటోంది, తర్వాత మళ్లీ జారిపోతోంది. వెనక హౌసింగు కుడి చక్రం మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. కడిగిన లైనర్లు వాడొచ్చా, స్లాకులు ప్రతిసారీ బిగించుకోవచ్చా, గ్రీజు ఎన్నాళ్లకోసారి పెట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. గ్రీజు తాగిన లైనర్లు ఎంత కడిగినా పనికిరావు. ఆ హౌసింగుకి రెండు పక్కలా కొత్తవి వేయించండి. ఆటోమేటిక్ స్లాక్‌ని మాటిమాటికీ చేత్తో బిగించకూడదు. బిగించాల్సి వస్తోందంటే స్లాక్ అయినా పోయి ఉండాలి, దాని చుట్టుపక్కల ఇంకేదైనా అరిగి అయినా ఉండాలి. గ్రీజు నెలకోసారి పెట్టండి, మీరు తిరిగే దారికి అది సరిపోతుంది. అయితే ఎన్ని పంపులు కొట్టారన్నది లెక్క కాదు, కొట్టిన గ్రీజు ఎటు నుంచి బయటికి వచ్చిందో చూడాలి. మీ బండికి వచ్చిన రోగమంతా అక్కడే మొదలైంది.

నేను విశాఖ ఆటోనగర్‌లో ట్రైలర్ హౌసింగుల పని చేస్తాను. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ పోర్టు బళ్లు, స్టీలు ప్లాంటు బళ్లే. ఉప్పు గాలి, ఇనుప ధూళి, పైగా సాలూరు దాటాక సుంకి ఘాటు, అంటే కొండ దారి. మీలాంటి బళ్లు పడే బాధలు రోజూ చూస్తున్నవే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ బ్రేకు ఎలా పనిచేస్తుందో ఒకసారి మనసులో పెట్టుకోండి. పెడల్ నొక్కితే చాంబర్‌లోకి గాలి వెళ్లి పుష్ రాడ్డుని తోస్తుంది. రాడ్డు స్లాక్‌ని తిప్పుతుంది. స్లాక్ క్యామ్ షాఫ్టుని తిప్పుతుంది. షాఫ్టు చివర డ్రమ్ము లోపల ఉన్న ఎస్ ఆకారపు తల రెండు రోలర్లని నెట్టి, లైనర్లు బిగించి ఉన్న షూలని డ్రమ్ముకి ఆనిస్తుంది. ఈ షాఫ్టు రెండు బుష్‌ల (గొట్టంలాంటి ఆధారాల) మీద తిరుగుతుంది. ఒకటి స్లాక్ పక్కన బ్రాకెట్‌లో, రెండోది డ్రమ్ము పక్కన, షూలని మోసే స్పైడర్‌లో. నిపిల్‌లో (గ్రీజు గన్ను తగిలించే మొనలో) కొట్టిన గ్రీజు ఈ బుష్‌లలోకి వెళ్తుంది. నిండాక మిగిలింది ఎటో ఒకవైపు బయటికి రావాలి కదా. స్లాక్ వైపు వస్తే నేల మీద పడుతుంది, తుడిచేసుకుంటాం. డ్రమ్ము వైపు పోతే నేరుగా లైనర్ల మీద పడుతుంది.

అది డ్రమ్ము వైపు పోకుండా ఆపేది బుష్ పక్కన ఉండే చిన్న సీలు. సీలు పెదవి (పల్చటి అంచు) స్లాక్ వైపు తిరిగి ఉండాలి. అలా ఉంటే ఒత్తిడి పెరిగినప్పుడు పెదవి ఎత్తుకుని పాత గ్రీజుని స్లాక్ వైపే వదిలేస్తుంది, డ్రమ్ము వైపు మూసుకునే ఉంటుంది. తిరగేసి వేస్తే కొట్టిన ప్రతి పంపూ లోపలికే. చూడటానికి రెండు పక్కలా ఒకేలా కనిపించే సీలు కావడంతో, తొందర పనిలో దీన్ని తిరగేసి కొట్టేసినవాళ్లని చాలామందిని చూశాను. గంగవరం పోర్టు నుంచి బొగ్గు తోలే ఒక ట్రైలర్ ఇలాగే వచ్చింది. బుష్‌లు కొత్తవి, సీళ్లు కొత్తవి, షాఫ్టు బాగుంది, అయినా గ్రీజు పెట్టిన ప్రతిసారీ ఒకే చక్రంలో లైనర్లు తడుస్తున్నాయి. ఓనరు హబ్బు ఆయిల్ సీలే పోతోందనుకుని దాన్ని మార్చుకుంటూ ఉన్నాడు. షాఫ్టు లాగి చూస్తే స్పైడర్ సీలు పెదవి డ్రమ్ము వైపు ఉంది. దాన్ని తిప్పి వేశాం, అంతే, అక్కడితో ఆగిపోయింది.

కాబట్టి మీ మధ్య హౌసింగు ఎడమ చక్రంలో ముందు తేల్చుకోవాల్సింది ఆ గ్రీజు ఎక్కడి నుంచి వచ్చిందన్నది. రెండే దార్లు. క్యామ్ తల చుట్టూ, స్పైడర్ రంధ్రం దగ్గర గ్రీజు పేరుకుని ఉంటే క్యామ్ బుష్ సీలు. డ్రమ్ము లోపలి అంచు చుట్టూ గుండ్రంగా చిమ్మినట్టు ఉండి, హబ్బు వెనక తడిగా ఉంటే హబ్బు సీలు. హబ్బులో గ్రీజు మరీ కూరేసినా, బేరింగు లూజై హబ్బు ఊగుతున్నా సీలు నిలవదు. ఇది తేల్చకుండా కొత్త లైనర్లు వేస్తే అవి కూడా నెల తిరక్కుండా తడుస్తాయి.

ఇంకో అనుమానం కూడా ఉంది. మీకు గ్రీజు పెట్టినవాళ్లు గాలితో నడిచే గ్రీజు గన్ను వాడి ఉంటారు. దానితో పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ చేతికి ఏమీ తెలియదు. బుష్ నిండిందా, దారి మూసుకుపోయిందా, సీలు తన్నుకుపోయిందా అన్నది చేతి గన్నుతో కొడుతుంటే లివరు బరువులోనే తెలుస్తుంది. క్యామ్ బుష్‌లకీ స్లాకులకీ నేను చేతి గన్నే వాడతాను, మా కుర్రాళ్లతోనూ అదే వాడిస్తాను. నెమ్మదిగా కొడుతూ స్లాక్ వైపు సీలు దగ్గర చూస్తూ ఉండండి. పాత నల్ల గ్రీజు వెళ్లిపోయి కొత్త రంగు కనిపించగానే ఆపేయండి. ఎంత కొట్టినా స్లాక్ వైపు ఏమీ రాకపోతే ఇంకో నాలుగు పంపులు కొడదాం అనుకోకండి. అది లోపలికి పోతోందని అర్థం. ఆ చక్రం విప్పి చూడాల్సిందే.

నిపిల్ అసలు గ్రీజు తీసుకోకపోతే అది వేరే కథ. నిపిల్ మార్చి చూడండి. అప్పటికీ ఎక్కకపోతే దారిలో పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉంటుంది. షాఫ్టు తీసి బుష్ రంధ్రం, షాఫ్టు చుట్టూ ఉన్న గాడీ శుభ్రం చేయాలి. వదిలేస్తే ఆ షాఫ్టు ఎండిపోయి తిరగడం మానేస్తుంది. బ్రేకు పట్టదు, పట్టినా వదలదు.

ఏ గ్రీజు అన్నది మీరు అడగలేదు కానీ చెప్పాలి. డబ్బా మీద లిథియం లేదా లిథియం కాంప్లెక్స్ అనీ, గ్రేడు నంబరు 2 అనీ ఉన్నది తీసుకోండి. మామూలు లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల దాకా కరిగి కారదు, కాంప్లెక్స్ రకం 230 దాటినా కరిగిపోదు. చాసిస్‌కి వాడే చవక కాల్షియం గ్రీజు 100 డిగ్రీల దగ్గరే నూనెలా కారిపోతుంది. ఘాటు దిగే బండి డ్రమ్ము పక్కన దాన్ని పెట్టడమంటే లైనర్ల మీద పోయడమే. కమాను కట్టలకి రాసే నల్ల గ్రాఫైట్ గ్రీజు, మాలిబ్డినం కలిపిన నల్ల గ్రీజు ఆటోమేటిక్ స్లాక్‌లోకి పోనివ్వకండి. లోపల ఉండే క్లచ్చు పట్టు మీదే ఆ స్లాక్ పనిచేస్తుంది, ఆ గ్రీజు తగిలితే క్లచ్చు జారి స్లాక్ తనంతట తాను సర్దుకోవడం మానేస్తుంది. హాల్డెక్స్ లాంటి కంపెనీలు ఈ మాట తమ సర్వీసు పుస్తకాల్లో స్పష్టంగా రాశాయి. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపడం కూడా మంచిది కాదు. రంగు కంపెనీ కలిపిన అద్దకం మాత్రమే, లోపలి సబ్బు రకం వేరైతే రెండూ కలిసి విరిగిపోయి పల్చగా కారతాయి. రకం మార్చాలనుకుంటే పాతది పూర్తిగా బయటికి వచ్చేదాకా కొట్టండి.

లోపల ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు అన్నదానిలో కూడా తేడా జరుగుతోంది. లైనర్లు మార్చేటప్పుడు యాంకర్ పిన్నులకీ (షూ రెండో చివర ఆనే పిన్నులకీ) వాటి బుష్‌లకీ పల్చగా రాయండి. రోలర్ రెండు చివర్లు షూ గాడిలో కూర్చునే చోట కొద్దిగా పూయండి. రోలర్ నడుముకీ, క్యామ్ తలకీ మాత్రం రాయకండి. క్యామ్ మీద రోలర్ దొర్లాలి, జారకూడదు. గ్రీజు ఉంటే దొర్లకుండా ఒకే చోట రాసుకుని పలకబారుతుంది. పలకబారిన రోలరు బ్రేకుని ఒక్కో తిప్పులో ఒక్కోలా పట్టిస్తుంది. పైగా ఆ గ్రీజు వేడికి కరిగి పడేది లైనర్ల మీదే.

నెలకోసారి అన్నాను. నల్లటి తారు రోడ్డు మీద మాత్రమే తిరిగే బండికి అంతకంటే ఆలస్యమైనా నష్టం లేదు. మీరు వెళ్లే ప్లాంటు యార్డుల్లో దుమ్ము, వానాకాలంలో కోరాపుట్ వైపు బురద. అందుకే నెల. దీనికి తోడు వాటర్ సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ గ్రీజు పెట్టండి. ప్రెషర్ నీళ్లు సీళ్ల దగ్గర గ్రీజుని కడిగేసి లోపల తేమని వదిలేస్తాయి. చాలామంది గ్రీజు పెట్టి ఆ తర్వాత బండి కడిగిస్తారు, అది తప్పు. ముందు కడగాలి, తర్వాతే గ్రీజు.

ఇక లైనర్ల సంగతి. లైనర్ అంటే రెసిన్‌తో గట్టిగా బంధించిన పొడి. దానికి సన్నటి రంధ్రాలుంటాయి. గ్రీజులోని నూనె ఆ రంధ్రాల్లోకి దిగిపోతుంది. పెట్రోలు పైపైన కడుగుతుందే కానీ లోపలికి పోయినదాన్ని లాగలేదు. ఖాళీ బండి మీద ఊళ్లో బ్రేకు కొడితే బాగానే ఉందనిపిస్తుంది. లోడుతో ఘాటులో డ్రమ్ము వేడెక్కగానే ఆ నూనె మళ్లీ పైకి ఉబికి వస్తుంది. సరిగ్గా మీకు బ్రేకు కావాల్సిన చోటే పట్టు పోతుంది. బ్లో ల్యాంపుతో కాల్చడం ఇంకా చెడ్డది. మంటకి రెసిన్ మాడిపోతుంది, పై పొర పొడిబారి రాలుతుంది లేదా గాజులా నిగనిగలాడుతూ జారుతుంది. మీరు చెప్పిన ‘కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత జారుతోంది’ అన్న మాటకి సగం కారణం ఇదే.

ఒక్క చక్రానికే కొత్తవి వేస్తే ఏమవుతుందని ఓనర్లు అడుగుతుంటారు. ఒకే హౌసింగుకి ఒక పక్క కొత్త పట్టు, రెండో పక్క పాత పట్టు ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది, పట్టే పక్క డ్రమ్ము ఒంటరిగా కాలుతుంది. అందుకని రెండు పక్కలా ఒకే కంపెనీ, ఒకే గ్రేడు లైనర్లు వేయించండి.

పాత లైనర్లు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. డ్రమ్ములోని పొడిని గాలి పైపుతో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే జీవితాంతం వదలదు. తడి గుడ్డతో తుడవండి, మూతికి గుడ్డ కాకుండా మంచి మాస్కు పెట్టుకోండి. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే, ఎందుకంటే దీని నష్టం ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత గానీ బయటపడదు.

ఇప్పుడు స్లాకులు. ఆటోమేటిక్ స్లాక్ ఉన్నదే లైనర్ అరిగినకొద్దీ తనంతట తాను బిగుసుకోవడానికి. దాన్ని మీరు స్పానర్‌తో బిగించినప్పుడు ఆ రోజుకి బ్రేకు బాగుంటుంది, అసలు లోపం దాగిపోతుంది. పైగా వెనక్కి తిప్పిన ప్రతిసారీ లోపలి క్లచ్చు కొంచెం అరుగుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం గ్లెన్ రాక్ అనే ఊళ్లో 2003 ఏప్రిల్‌లో ఒక డంప్ ట్రక్కు వాలులో బ్రేకులు పట్టక కార్ల మీదికి దూసుకెళ్లింది. అక్కడి రవాణా భద్రతా బోర్డు విచారించి ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది: సర్దుబాటు తప్పిన ఆటోమేటిక్ స్లాక్‌ని చేత్తో బిగించి పంపేయడం మరమ్మతు కాదు, ఎందుకు తప్పిందో వెతకాలి అని. మన రోడ్ల మీద ఇదే పని ప్రతి ఢాబా దగ్గరా జరుగుతోంది. డ్రైవరుకి పావుగంటలో పని అయిపోతుంది, ఓనరుకి డబ్బు మిగులుతుంది. ఆ బండి తర్వాతి ఘాటు వరకే.

స్లాక్ పనిచేస్తోందో లేదో కనుక్కోవడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు, మీ డ్రైవరూ క్లీనరూ చాలు. సమతలం మీద బండి ఆపి చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి. పార్కింగు బ్రేకు వదిలేయండి. చాంబర్ నోటి దగ్గర పుష్ రాడ్డు మీద సుద్దతో గీత గీయండి. గాలి ఒత్తిడి 6–7 కేజీలు (చదరపు సెంటీమీటరుకి) ఉండగా ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. గీత చాంబర్ నుంచి ఎంత దూరం వచ్చిందో స్కేలుతో కొలవండి. చాంబర్ మీద 30 అని ఉంటే మామూలు రకానికి 50 మిల్లీమీటర్లు దాటకూడదు. 24 అని ఉంటే 44. లాంగ్ స్ట్రోక్ అని రాసి ఉన్న 30కి 63 వరకు.

ఈ అంకెని తేలిగ్గా తీసుకోకండి. 30 నంబరు చాంబర్ 7 కేజీల గాలికి సుమారు 1,350 కేజీల బలంతో తోస్తుంది. కానీ రాడ్డు దాదాపు చివరిదాకా వచ్చేశాక ఆ బలం ఒక్కసారిగా పడిపోతుంది. పైగా డ్రమ్ము వేడికి వ్యాకోచిస్తుంది, అంటే ఘాటులో రాడ్డు ఇంకా ఎక్కువ దూరం పోవాలి. చల్లగా ఉన్నప్పుడు 50 దగ్గర ఉన్న బ్రేకు ఘాటు మధ్యలో చాంబర్ అడుగుకి తగిలి ఆగిపోతుంది. డ్రైవరు పెడల్ తొక్కుతూనే ఉంటాడు, గాలి ఉంటుంది, బ్రేకు మాత్రం ఉండదు. 2018లో లోడు పెంచాక మూడు హౌసింగుల మీద 24 టన్నుల చోట 27 టన్నులు మోయడానికి అనుమతి వచ్చింది. అంటే హౌసింగుకి 9 టన్నులు. ట్రైలర్ బ్రేకు పట్టకపోతే ఆ బరువంతా ముందు లాగే బండిని, అంటే పుల్లర్‌ని నెడుతుంది.

గీత హద్దు దాటితే రెండో కొలత తీసుకోండి. బ్రేకు వదిలేసి ఉండగా స్లాక్‌ని ఒక రాడ్డుతో చేత్తో లాగండి, లైనరు డ్రమ్ముకి తగిలేదాకా. అది 10 నుంచి 16 మిల్లీమీటర్లు రావాలి. ఈ రెండు కొలతలూ పక్కపక్కన పెట్టుకుంటే రోగం ఎక్కడుందో తెలిసిపోతుంది. చేత్తో లాగినప్పుడే ఎక్కువ వస్తే స్లాక్ సర్దుకోవడం లేదు. చేత్తో సరిగ్గా ఉండి, గాలికి మాత్రం ఎక్కువ పోతుంటే స్లాక్ మంచిదే. క్యామ్ బుష్‌లు అరిగిపోయి ఉంటాయి, లేదా డ్రమ్ము పల్చబడి ఉంటుంది, లేదా బ్రాకెట్టు బీటలిచ్చి వంగుతోంది. అలాంటి బండికి స్లాకులు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ.

స్లాక్ సర్దుకోవడం లేదని తేలినా వెంటనే కొత్తది కొనకండి. పుష్ రాడ్డుని స్లాక్‌కి కలిపే యోకు పిన్ను, దాని బుష్ అరిగి ఆడుతున్నాయేమో చూడండి. స్లాక్‌కి పక్కన చెయ్యిలాంటి పట్టీ ఒకటి హౌసింగుకి బిగించి ఉంటుంది కొన్ని రకాల్లో. స్లాక్ ఎంత తిరిగిందో లెక్క చెప్పేది అదే. దాని బోల్టు లూజైనా, పట్టీ వంగినా లెక్క తప్పుతుంది. ఒక సిమెంటు ట్రైలర్‌కి ఇద్దరు మెకానిక్‌లు స్లాకులు రెండుసార్లు మార్చాక మా దగ్గరికి వచ్చింది. టైరు పగిలినప్పుడు రబ్బరు ముక్క కొట్టి ఆ పట్టీ బ్రాకెట్టు వంగిపోయింది, అంతే. దాన్ని మార్చాక ఆ స్లాకే ఇంకా నడుస్తోంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు స్లాక్ క్లచ్చు చూడాలి. సర్దుబాటు తలని వెనక్కి తిప్పితే గట్టిగా, టకటకమంటూ తిరగాలి. సులువుగా జారిపోతే క్లచ్చు పోయింది, మార్చేయండి. ఒక హౌసింగుకి రెండు పక్కలా ఒకే కంపెనీ, ఒకే పొడుగు చెయ్యి ఉన్న స్లాకులు ఉండాలి. ఐదున్నర అంగుళాలది ఒక పక్క, ఆరు అంగుళాలది ఒక పక్క పెట్టిన బళ్లు నాకు తగిలాయి. అవి ఎప్పటికీ సమంగా పట్టవు.

మీ వెనక కుడి చక్రం వేడి గురించి. స్పానర్‌తో బిగించినప్పుడు ఆ పక్క మరీ దగ్గరగా బిగించి ఉండొచ్చు, ముందు అదే చూస్తాను. చక్రం జాకీ మీద లేపి, పార్కింగు వదిలి, చేత్తో తిప్పండి. బిగుతుగా తిరిగితే బ్రేకు నొక్కించి వదిలించండి, రాడ్డు చటుక్కున వెనక్కి వెళ్లాలి. నెమ్మదిగా పోతే క్యామ్ షాఫ్టు ఎండిపోయింది, లేదా రిటర్న్ స్ప్రింగు సాగిపోయింది. స్ప్రింగు చాంబర్‌కి (పార్కింగు బ్రేకుని పట్టించే చాంబర్‌కి) గాలి సరిగ్గా అందకపోతే కూడా పార్కింగు బ్రేకు సగం పట్టుకునే నడుస్తుంది. కప్లింగు దగ్గర, పైపుల దగ్గర లీకు వెతకండి. చక్రం సులువుగానే తిరుగుతూ వేడెక్కుతుంటే బ్రేకుని వదిలి బేరింగు చూడండి. ఇంకో మాట, ఒక చక్రం విపరీతంగా వేడిగా ఉందంటే మిగతావి పని చేయడం లేదని కూడా అర్థం కావచ్చు. ఘాటు దిగాక ఆరు డ్రమ్ముల దగ్గరా దూరం నుంచి చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉన్న డ్రమ్మే మీకు అసలు శత్రువు.

మీ బండికి నేనైతే పని ఈ వరసలో చేస్తాను. మధ్య హౌసింగు రెండు పక్కలా, వెనక హౌసింగు రెండు పక్కలా విప్పిస్తాను. బ్రేకు వదిలేసి ఉండగా క్యామ్ షాఫ్టుని పైకీ కిందికీ ఎత్తి చూస్తాను. ముక్కాలు మిల్లీమీటరు మించి ఆడితే బుష్‌లూ సీళ్లూ కొత్తవి, పెదవి స్లాక్ వైపు. షాఫ్టు మీద గాడి పడి ఉంటే కొత్త బుష్ వేసినా వృథా, షాఫ్టు కూడా మార్చాలి. బుష్‌లు కొట్టాక షూలు ఎక్కించకముందే షాఫ్టు రెండు వేళ్లతో తిరగాలి. తిరగకపోతే బుష్ వంకర కూర్చుంది, అలా వదిలేయకూడదు.

షూలు పాతవే వాడి లైనర్లు మాత్రం కొట్టించడం మన దగ్గర మామూలే, తప్పు కాదు. కానీ షూ కూడా శాశ్వతం కాదు. ఏళ్ల తరబడి వేడికీ ఒత్తిడికీ సాగిపోయి గుండ్రం తప్పుతుంది. అప్పుడు కొత్త లైనరు మధ్యలోనో చివర్లలోనో మాత్రమే డ్రమ్ముకి ఆనుతుంది. ఒక కొత్త షూ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రివెట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకి కొట్టాలి, చివర్ల నుంచి కొడితే మధ్యలో లైనరు ఉబ్బి నిలుస్తుంది. కొట్టాక లైనరుకీ షూకీ మధ్య పావు మిల్లీమీటరు ఫీలర్ బ్లేడు (సందు కొలిచే పల్చటి రేకు) దూరకూడదు. రిటర్న్ స్ప్రింగులు, రోలర్లు, పిన్నులు ప్రతి లైనర్ల మార్పుకీ కొత్తవే వేయండి. వాటి ఖరీదు కూలి కంటే తక్కువ.

డ్రమ్ములో వెంట్రుకల్లాంటి సన్న గీతలుంటే భయం లేదు. అంచుదాకా సాగిన పగులుంటే తూకానికి వేసేయండి, వెల్డింగు మాట ఎత్తకండి. లోపలి వ్యాసం 419 మిల్లీమీటర్లు ఉండే డ్రమ్ము అరిగి 3 మిల్లీమీటర్లు పెరిగితే దాని పని అయిపోయింది. హద్దు ఎంతో చాలా డ్రమ్ముల మీద పోతలోనే ఉంటుంది. లేత్ మీద కోత పెట్టించేటప్పుడు అది చూసుకోండి. గ్రీజు పట్టిన డ్రమ్ముని బాగా కడిగి ఆరబెట్టి, ఎమరీ పేపరుతో రుద్దాకే ఎక్కించాలి. లేకపోతే కొత్త లైనర్లకి మొదటి రోజే పాత గ్రీజు తినిపించినట్టు.

స్ప్రింగు చాంబర్ జోలికి తెలియనివాళ్లని పోనివ్వకండి. ఈ జవాబంతట్లో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. లోపల టన్ను చుట్టుపక్కల బలంతో నొక్కిపెట్టిన స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగుని నొక్కిపట్టి ఉంచే కేజ్ బోల్టు పూర్తిగా బిగించకుండా క్లాంపు వదులు చేస్తే ఆ మూత తుపాకీ గుండులా లేస్తుంది. మా లైన్లోనే ఒక షెడ్డులో రేకుల కప్పు చీల్చుకుని పోయింది, అదృష్టం కొద్దీ ఎదురుగా మనిషి లేడు. డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) పోయిన స్ప్రింగు చాంబర్‌ని నేను రిపేరు చేయను, మొత్తం మార్చేస్తాను. మీ డ్రైవరు దారిలో పార్కింగు వదలక చిక్కుకుంటే కేజ్ బోల్టు వేసి స్ప్రింగుని లాక్కోవచ్చు, అంతవరకే. అప్పుడు ఆ చక్రానికి పార్కింగు బ్రేకు లేదని మర్చిపోకుండా చెక్కలు పెట్టుకోవాలి.

పని అంతా అయ్యాక స్లాకుల్ని లైనరు డ్రమ్ముకి తగిలేదాకా బిగించి, మీ స్లాక్ కంపెనీ చెప్పినంత వెనక్కి తిప్పండి, సాధారణంగా అర చుట్టు. తర్వాత బ్రేకు కొన్నిసార్లు పూర్తిగా నొక్కి వదిలితే మిగతాది అదే సర్దుకుంటుంది. ఇలా కొత్త స్లాక్ గానీ కొత్త లైనర్లు గానీ వేసిన రోజు మాత్రమే స్పానర్‌కి పని. బ్రేకు నొక్కి పట్టుకున్నప్పుడు పుష్ రాడ్డుకీ స్లాక్‌కీ మధ్య కోణం తొంభై డిగ్రీలకి దగ్గరగా ఉందో లేదో చూసుకోండి, తేడా ఉంటే యోకు పొడుగు తప్పింది.

మొదటి లోడు దగ్గర దూరానిది పెట్టుకోండి, నేరుగా రాయపూర్ పంపకండి. కొత్త లైనర్లు డ్రమ్ముకి పూర్తిగా ఆనడానికి కొంత నడక కావాలి. తిరిగొచ్చాక సుద్ద గీత కొలత ఆరు చోట్లా మళ్లీ తీసి, చక్రం పేరు రాసి, అంకె పక్కన పెట్టుకోండి. నెల తర్వాత గ్రీజు పెట్టే రోజున ఇంకోసారి కొలవండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే స్లాకులు పనిచేస్తున్నాయి. ఏ చక్రం అంకె పెరిగిందో అదొక్కటే విప్పించండి. కొలతలు తీశాక, స్లాక్ ఏ కంపెనీదో, చాంబర్ మీద నంబరు ఎంతో కలిపి ఇక్కడ రాస్తే, ఏ వస్తువు మార్చాలో చూసి చెబుతాను.